క్రిస్మస్‌కి డెవిల్డ్ ఎగ్స్: అతుక్కున్న పెంకు, ఆకుపచ్చ గీత, అత్తగారి అభ్యంతరం

ప్రశ్న: అక్కా, మాది కడప. ఈ క్రిస్మస్‌కు మా ఆడబిడ్డ ఆరేళ్ల తర్వాత అమెరికా నుంచి భర్త, పిల్లలతో వస్తోంది. పిల్లలు ఫోన్‌లో "అత్తా, డెవిల్డ్ ఎగ్స్ చేస్తావా?" అని అడిగారు. ఉడికిన గుడ్డును సగానికి కోసి, పచ్చసొనను ముద్దగా కలిపి మళ్లీ అందులోనే కూరే వంటకం అది. అక్కడ ఏ పండగకైనా భోజనానికి ముందు అవి ఉండాల్సిందేనట. సరే అని మాటిచ్చాను. పోయిన ఆదివారం పది గుడ్లతో చేసి చూశాను. పెంకుతో పాటు తెల్లసొన కూడా ఊడొచ్చింది. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చగా, బూడిద రంగుగా ఒక గీత. లోపల పెట్టిన ముద్ద తియ్యగా ఉంది, కాసేపటికి నీళ్లు వదిలింది. పైగా పేరు విన్నప్పటి నుంచి మా అత్త "యేసయ్య పుట్టిన రోజున దయ్యం పేరు పెట్టిన తిండేంది?" అంటోంది. ఆ రోజు ఇరవై మంది దాకా వస్తారు. ఉదయం ఆరాధనకు పోవాలి కాబట్టి ముందు రోజే చేసి పెట్టుకోవచ్చా? పైన చల్లే పాప్రికా అనే ఎర్ర మిరప పొడి, లోపల కలిపే మస్టర్డ్ అనే ఆవ ముద్ద, వీటి బదులు ఏం వాడొచ్చు? ఒకటే టెన్షన్‌గా ఉంది.
ఒక టీచరు, కడప

జవాబు:

చెల్లెమ్మా, మొదట మీ అత్తగారి మాట చూద్దాం. అది కాస్త కుదుటపడితే మిగతా పని తేలిగ్గా సాగుతుంది.

ఆమె అభ్యంతరం కొత్తదీ కాదు, చిన్నదీ కాదు. అమెరికాలోనే చాలా ఊళ్లలో చర్చి విందులకు ఇవి చేసుకొచ్చే ఆడవాళ్లు ఆ పేరు పలకడం ఇష్టం లేక "స్టఫ్డ్ ఎగ్స్" అనో, "సాలడ్ ఎగ్స్" అనో, "డ్రెస్డ్ ఎగ్స్" అనో పిలుచుకుంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో కారం, మిరియాలు, ఆవ దట్టించిన వంటకాలకు "డెవిల్" అనే మాట తగిలించడం మొదలైంది. నాలుక మండుతుంది కాబట్టి ఆ పేరు, అంతే. పూజకో, నమ్మకానికో దానితో సంబంధం లేదు. వంటకం మాత్రం ఆ పేరు కంటే చాలా పాతది. పాత రోమ్‌లో పెద్ద విందులు గుడ్లతోనే మొదలయ్యేవి. పదమూడో శతాబ్దంలో స్పెయిన్ దక్షిణాన, అండలూసియాలో, ఉడికిన గుడ్డును చీల్చి, పచ్చసొనను కొత్తిమీర, ఉల్లిపాయ రసం, మిరియాలతో నూరి మళ్లీ అందులోనే కూరేవాళ్లు. ఇవన్నీ అత్తగారికి చెప్పండి. చెప్పాక కూడా ఆమెకు మనసొప్పకపోతే పట్టుబట్టకండి. ఆ ఇంట్లో అది ఆమె పండగ కూడా. గుత్తి వంకాయలో కారం కూరినట్టు కూరుతున్నాం కాబట్టి "కూరిన గుడ్లు" అనండి. పిల్లలకు కావాల్సింది రుచి. పేరు మార్చినా వాళ్లు ప్లేటు చూడగానే గుర్తుపడతారు.

ఇక మీ గుడ్ల సంగతి. ఈ వంటలో అసలు కష్టమంతా గుడ్డు ఉడకడంలో, చల్లారడంలో ఉంది. లోపలి ముద్ద కలపడం పది నిమిషాల పని. మనవాళ్లు చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. మస్టర్డ్, మయోనీజ్ సీసాల కోసం ఊరంతా తిరిగి, గుడ్లను మాత్రం పొయ్యి మీద పడేసి ఇంకో పనిలో పడిపోతారు.

పెంకు ఎందుకు అతుక్కుంది? మీ గుడ్లు మరీ తాజావి అయ్యుంటాయి. అప్పుడే పెట్టిన గుడ్డులో తెల్లసొన లోపలి పొరకు గట్టిగా పట్టుకుని ఉంటుంది. రోజులు గడిచే కొద్దీ పెంకులోని సన్నటి రంధ్రాల గుండా కార్బన్ డయాక్సైడ్ బయటకు పోతుంది, తెల్లసొనలో క్షార గుణం పెరుగుతుంది, ఆ పట్టు సడలుతుంది. అందుకే మామూలుగా తాజా గుడ్డు కోసం వెతికే మనం ఈ ఒక్క వంటకు వారం, పది రోజుల గుడ్డు వాడాలి. 24వ తేదీ సాయంత్రం ఉడికించాలి కాబట్టి 15, 16 తేదీల్లోనే ఒక ట్రే, అంటే 30 గుడ్లు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఇరవై మందికి మనిషికి రెండు ముక్కల చొప్పున 40 ముక్కలు కావాలి, అంటే 20 గుడ్లు. 24 ఉడికించండి. ఒకటి రెండు చిరగడం ఎవరికైనా మామూలే. ఉడికించే ముందు నీళ్లలో వేసి చూడండి. వెడల్పాటి కొన కొంచెం పైకి లేచి నిలబడితే అది సరైన వయసు గుడ్డు. పూర్తిగా తేలితే పారేయండి. నాటుకోడి గుడ్లు రుచే, కానీ చిన్నవి. కూరడానికి చోటు చాలదు, పైగా ఇంట్లో కోడి పెట్టినవి తాజాగా ఉండి పెంకు ఊడిరాదు. ఫారం గుడ్లే తీసుకోండి.

రెండో కారణం, మీరు బహుశా చన్నీళ్లలో గుడ్లు వేసి పొయ్యి వెలిగించి ఉంటారు. మన ఇళ్లలో అందరం అలాగే చేస్తాం. నెమ్మదిగా వేడెక్కితే తెల్లసొన పొరకు అంటుకునే గడ్డకడుతుంది. ఒక్కసారిగా వేడి తగిలితే పొరను విడిచి లోపలికి ముడుచుకుంటుంది. మసిలే నీళ్లలో జల్లి గరిటెతో ఒక్కొక్కటే దించొచ్చు గానీ, ఇంతకంటే మంచి పరికరం మీ వంటింట్లోనే ఉంది. ఇడ్లీ పాత్ర. అడుగున నీళ్లు పోసి, ఆవిరి బాగా వచ్చాక, గుంటల్లో గుడ్లు పెట్టిన ఇడ్లీ ప్లేట్లు లోపలికి దించండి. గుడ్డు కదలదు, ఒకదానికొకటి తగిలి పగలదు. ప్లేట్ల మధ్య ఎత్తు చాలకపోతే ఒక ప్లేటు తీసేసి ఎడం చేసుకోండి. కుక్కర్‌లో పెట్టేటట్టయితే విజిల్ వద్దు. ఎనిమిది, పది గుడ్లకు ఒక వాయి. గుడ్లు ఫ్రిజ్‌లోంచి నేరుగా వచ్చినవైతే 13 నిమిషాలు. మొదటి వాయిలో ఒక గుడ్డు కోసి చూడండి. పచ్చసొన మధ్యలో ముదురు రంగుగా, తడిగా కనిపిస్తే తర్వాతి వాయికి ఒక్క నిమిషం పెంచండి. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, అంచనా వద్దు.

ఆ ఆకుపచ్చ గీత ఎక్కువసేపు ఉడికిన గుర్తు. తెల్లసొనలోని గంధకం వేడికి వాయువుగా మారి, పచ్చసొనలోని ఇనుముతో కలిస్తే ఆ రంగు వస్తుంది. తింటే ఏమీ కాదు. కానీ కూరిన ముద్ద మీద ఆ బూడిద ఛాయ పడితే పండగ ప్లేటు వెలవెలబోతుంది. పొయ్యి ఆపినా గుడ్డు లోపల ఉడకడం ఆగదు, అందుకే ఐసు కావాలి. జ్యూస్ షాపులో దొరికే ఐసు గడ్డ తేవద్దు. అది తాగే నీళ్లతో చేసిందో కాదో మనకు తెలియదు, చిట్లిన పెంకులోంచి ఆ నీరు లోపలికి పోతుంది. రెండు రోజుల ముందే స్టీలు టిఫిన్ డబ్బాల్లో తాగే నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. వాయి దిగగానే గుడ్లను ఐసు నీళ్లలోకి. పావుగంట తగ్గకుండా ఉంచండి. ఆ తర్వాత వెడల్పాటి కొనను తట్టండి. అక్కడ గాలి ఖాళీ ఉంటుంది, పొర సులువుగా చేతికి దొరుకుతుంది. గుడ్డంతా అరచేతి కింద మెల్లగా దొర్లించి, నీళ్లలో ముంచి ఉంచే ఒలవండి. పెంకును కాదు, లోపలి పొరను పట్టుకుని లాగాలి. ఈ ఒక్కటి చేతికి అలవాటైతే చాలు.

కోయడానికి కత్తి కంటే కుట్టు దారం మేలు. కొత్త తెల్ల నూలు దారం రెండు చేతులా బిగించి గుడ్డును నిలువునా రెండు చేయండి. అంచు అద్దంలా వస్తుంది. కత్తే వాడితే ప్రతి గుడ్డుకూ తడిబట్టతో తుడవండి. పచ్చసొనలు తీసేశాక తెల్ల దొన్నెలను పొడిబట్ట మీద బోర్లించండి. మీ ముద్ద నీళ్లు వదలడానికి ఒక కారణం ఇక్కడే ఉంది. తడి దొన్నెలో, అందులోనూ గోరువెచ్చగా ఉన్నదాంట్లో కూరితే ముద్దలో కలిపిన మయోనీజ్ విరిగి నూనె, నీరు వేరవుతాయి. పూర్తిగా చల్లబడి, తడి ఆరాకే కూరాలి.

ఇప్పుడు ముద్ద. పచ్చసొనలను పిండి జల్లెడ మీద వేసి చెంచా వెనుక వైపుతో రుద్దండి. గరిటెతో ఎంత మెదిపినా రాని నునుపు జల్లెడతో వస్తుంది, మెత్తటి రవ్వలా కిందికి రాలుతుంది. ఇందులో మయోనీజ్ కలపడం పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో మొదలైంది, మీ ఆడబిడ్డ పిల్లలకు తెలిసిన రుచి అదే. కానీ మన షాపుల్లో ఎక్కువగా అమ్మేది గుడ్డు లేని మయోనీజ్, చక్కెర ఎక్కువ వేస్తారు. మీకు తీపి తగిలింది అందుకే. సీసా మీద పదార్థాల జాబితా చదివి, చక్కెర చివరి వైపు ఉన్నది తీసుకోండి. ఇంట్లో పచ్చి గుడ్లతో మయోనీజ్ చేసుకుందామని మాత్రం అనుకోవద్దు. పచ్చి గుడ్డు మయోనీజ్ వల్ల జనం జబ్బు పడటంతోనే 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం దాన్ని ఏడాది పాటు నిషేధించింది. ఇంటి నిండా పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న రోజున ఆ సాహసం మనకు వద్దు.

24 గుడ్లకు ముప్పావు కప్పు మయోనీజ్, పావు కప్పు గడ్డపెరుగు వేయండి. పెరుగును పల్చటి బట్టలో మూటగట్టి ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు వేలాడదీస్తే నీరంతా దిగి గడ్డగా అవుతుంది. ఇది నేను కర్నూలులో అలవాటు చేసుకున్న పద్ధతి. సీసా తీపి తగ్గుతుంది, ముద్ద బిగువుగా నిలుస్తుంది. రెండు చిన్న చెంచాల వెనిగర్, అర చెంచా మిరియాల పొడి. ఉప్పు అన్నీ కలిపి రుచి చూశాకే, ఎందుకంటే మయోనీజ్‌లోనూ ఆవలోనూ ముందే ఉంటుంది. మయోనీజ్ మొత్తం ఒకేసారి పోయొద్దు. సగం వేసి కలిపి, చెంచా నిలబడేంత గట్టిగా ఉందా అని చూసుకుంటూ మిగతాది కొద్దికొద్దిగా కలపండి.

మస్టర్డ్ అంటే భయమెందుకు, ఆవ పెట్టడం మనకు తెలియనిదా! సూపర్‌మార్కెట్‌లో మస్టర్డ్ సాస్ దొరికితే నాలుగు చిన్న చెంచాలు వేయండి. దొరకకపోతే రెండు పెద్ద చెంచాల ఆవాలు నాలుగు గంటలు నానబెట్టి, చిటికెడు ఉప్పు, పసుపు వేసి చల్లటి నీళ్లతో మెత్తగా రుబ్బండి. వేడినీళ్లు పోస్తే ఘాటు పుట్టదు. రుబ్బాక పది నిమిషాలు ఆగితే ఘాటు పూర్తిగా వస్తుంది, అప్పుడు ఒక చెంచా వెనిగర్ కలిపితే ఆ ఘాటు అక్కడే నిలబడుతుంది. అమెరికాలో సీసాల్లో అమ్మే మస్టర్డ్‌కు ఆ పసుపుపచ్చ రంగు ఇచ్చేదీ పసుపే. అక్కడ వాడేది తెల్ల ఆవాలు, ఘాటు తక్కువ. మన నల్ల ఆవాలకు ఘాటెక్కువ కాబట్టి రెండు చిన్న చెంచాలతో మొదలుపెట్టి రుచి చూడండి.

పాప్రికా విషయంలో ఒక పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతోంది. రంగు ఒకటే కదా అని గుంటూరు కారం చల్లేస్తున్నారు. పాప్రికా రంగు కోసం, సన్నటి తీపి వాసన కోసం చల్లేది. దానికి దగ్గరగా మనకున్నది బ్యాడిగి మిరప. మన కర్నూలు, అనంతపురం వైపు రైతులు కూడా పండించి కర్ణాటకలోని బ్యాడిగి మార్కెట్టుకు తీసుకెళ్తారు. ముడతలు పడి, ముదురు ఎరుపుగా ఉంటుంది, కారం తక్కువ. పది కాయలు తీసుకుని గింజలు దులిపేసి, ఒక పూట ఎండబెట్టి, పొడి కొట్టి, సన్నటి జల్లెడ పట్టండి. రెండు వేళ్లతో చిటికెడు తీసుకుని ఎత్తు నుంచి రాల్చితే సమానంగా పడుతుంది.

రుచి దగ్గర నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. పిల్లలు అడిగిన ప్లేటును ఎగ్ మసాలాగా మార్చకండి. పచ్చిమిర్చి, గరం మసాలా, చాట్ మసాలా, ఇవేవీ ఆ ముద్దలో వద్దు. చల్లగా, పుల్లగా, ముక్కుకు కాస్త ఆవ తగిలేలా ఉండటమే దాని గుణం. ఆ రోజు బిర్యానీ, మాంసం కూర ఎలాగూ ఉంటాయి. వాటికి ముందు నాలుకకు ఈ చల్లటి పులుపు హాయిగా ఉంటుంది. సన్నగా తరిగిన కొత్తిమీర మాత్రం వేసుకోవచ్చు. అండలూసియా వాళ్లు ఏనాడో వేశారు కాబట్టి అది పరాయిది కాదు.

ముందు రోజే చేయొచ్చా అన్నారు. చేయొచ్చు, కానీ కూరకుండా. 24 సాయంత్రం ఉడికించి, ఒలిచి, కోసి, తెల్ల దొన్నెలను మూత బిగిసే డబ్బాలో, మధ్యమధ్య బట్ట పరిచి ఫ్రిజ్‌లో పెట్టండి. ముద్ద కలిపి, గాలి చొరకుండా మూల ఉన్న దళసరి ప్లాస్టిక్ కవర్‌లో నింపి అదే అరలో ఉంచండి. ఉదయం ఆరాధన నుంచి వచ్చాక కవర్ మూల కత్తిరించి, మెహందీ కోన్ పట్టినట్టు పట్టుకుని కూరుకుంటూ పోవడమే. 40 ముక్కలకు పావుగంట పడుతుంది. మీ ఆడబిడ్డ పిల్లల చేతికి కోన్ ఇవ్వండి, వాళ్లు సంతోషంగా చేస్తారు. జారకుండా ఉండటానికి, ఉడికించిన ఆ ఇడ్లీ ప్లేట్లనే కడిగి తుడిచి, గుంటకొక కొత్తిమీర కొమ్మ వేసి దాని మీద ముక్క పెట్టండి. చూడముచ్చటగా కూడా ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. కూరిన గుడ్డు బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. వాతావరణం 32 డిగ్రీలు దాటితే గంటే. డిసెంబరులో కడప పగలు ముప్పై డిగ్రీల దగ్గర ఉంటుంది, జనం నిండిన గదిలో, వంటింటి పక్కన ఇంకొంచెం ఎక్కువే. అందుకే గంట లెక్కే పెట్టుకోండి. నేను కొన్నేళ్ల కిందట ఈస్టర్‌కు నలభై ముక్కలు చేసి డబ్బాలో పెట్టుకుని ఊళ్లోనే బంధువుల ఇంటికి బయల్దేరాను. కర్నూలులో ఏప్రిల్ ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆరాధన ఆలస్యమైంది, డబ్బా మూడు గంటలు కారులోనే ఉండిపోయింది. తెరిచేసరికి ముద్ద మీద నూనె తేలింది. పిల్లలు చుట్టూ చేరి చేతులు చాచారు. ఒక్కటి కూడా ఇవ్వలేదు, అన్నీ పారబోశాను. ఆ చిన్న చేతులు ఇప్పటికీ గుర్తొస్తాయి. అప్పటి నుంచి సగమే బల్ల మీద పెడతాను, సగం ఫ్రిజ్‌లో. మొదటి ప్లేటు ఖాళీ అయ్యాకే రెండోది తీస్తాను. వచ్చినవాళ్లు ఒకేసారి రారు కాబట్టి మీకూ ఇదే బాగుంటుంది. సాయంత్రం వచ్చేవాళ్లకు కూడా చల్లటివి మిగులుతాయి. బల్ల మీద గంట దాటి మిగిలినవాటిని మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టకండి. ఫ్రిజ్‌లోనే ఉన్నవి 27 లోపు తినేయండి. ఒలిచేటప్పుడు చిరిగిన తెల్లసొనలు ఉంటే ఆ రాత్రే ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి పొరుటు చేసుకోండి, రాత్రి భోజనంలోకి సరిపోతుంది.

చివరిగా మీ అత్తగారి ప్లేటు. ఎనిమిది ముక్కలు వేరుగా తీసి పెట్టండి. వాటి మీద బ్యాడిగి పొడి వద్దు. ఎండుమిర్చి, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు వేసి నూరిన మన దోశల ఎర్రకారం ఉంటుంది కదా, అది శనగగింజంత, ముద్ద మధ్యలో ఒక చుక్క. ముందుగా పెడితే ఉల్లిపాయ నీరు దిగి తెల్లసొన ఎర్రబడుతుంది కాబట్టి ఆమె కూర్చున్నాకే పెట్టి చేతికి ఇవ్వండి. పిల్లల కంటే ముందు ఆమెకే ఇవ్వండి.